పాటయు యంత్రమును

ఉదయగిరి కొండల దిగువ పల్లెలలో, ఆత్మకూరు పరిసరములలో ఒకప్పుడు జొన్నలు, వడ్లు దంచునప్పుడు రోకటిపాటలు వినిపించేవి. బియ్యపు మరలు వచ్చినవి. స్త్రీల చేతులకు విశ్రాంతి దొరకినది. ఇది కోరదగిన మార్పే. కాని రోకలి మూలపడినప్పుడు పాట కూడ చాలవరకు మూలపడినది. అయితే యంత్రము పాటకు శత్రువేనా? ఈ ప్రశ్నకు ఇద్దరు స్త్రీల జీవితములు సమాధానము చెప్పుచున్నవి.

మొదటివారు జపాను దేశీయురాలు తొయామా మిచికో. 1913లో జన్మించినారు. పారిస్ నగరమునకు పోయి నాడియా బూలాంజే వద్ద సంగీతరచన అభ్యసించినారు. 1937లో అక్కడ జరిగిన అంతర్జాతీయ సమకాలీన సంగీతోత్సవములో ఆమె కృతి వినిపించినది. అటుపిమ్మట 1950ల ఉత్తరార్ధములో న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమున టేపు సంగీతమును సాధన చేసినారు. ధ్వనిని టేపుపై నిలిపి, టేపును కత్తిరించి, అతికించి, వెనుకకు నడిపి క్రొత్త నాదములను కూర్చుట ఈ పద్ధతి. టేపు వేగమును రెట్టింపు చేసినచో స్వరము ఒక స్థాయి పైకి పోవును. ఇంత నూతనమైన సాధనమును చేతబట్టియు ఆమె తన దేశపు ప్రాచీన పద్యములైన 'వాకా'లను మరువలేదు. వాటి పేరిటనే 1960లో ఆమె రచనల గ్రామఫోను రికార్డు వెలువడినది.

రెండవవారు మన వింజమూరి అనసూయాదేవి. 1920లో కాకినాడలో జన్మించినారు. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి మేనకోడలు. మేనమామ రచించిన ప్రసిద్ధమైన భారతమాత గేయమునకు బాణీ కూర్చినది ఆమెయే. 1938లో మద్రాసు రేడియో కేంద్రము ఆరంభమైన తరువాత, చెల్లెలు సీతాదేవితో కూడి మైకు ముందు జానపద గీతములు ఆలపించినారు. పొలములలోను, పెరళ్లలోను పాడుకొను పాటలు వారి కంఠములలో పట్టణపు ఇండ్లకు చేరినవి. ఆనాటి ప్రసారములు ఎక్కువగా అప్పటికప్పుడు పాడినవే. గాలిలో కలిసిన పాట తిరిగి రాదు. అందుచేతనే ఆమె ఆ పాటలను సేకరించి స్వరలిపితో గ్రంథస్థము చేయుటకు పూనుకొన్నారు. 2019లో అమెరికాలోని హ్యూస్టన్ నగరమున పరమపదించినారు.

వీరిద్దరిలో ఎవరికిని యంత్రము సంగీతమును కూర్చి పెట్టలేదు. టేపును ఎక్కడ కత్తిరించవలెనో నిర్ణయించినది మిచికోగారి చెవి. ఏ పల్లెపాట నలుగురి చెవిని బడవలెనో ఎన్నుకొన్నది అనసూయాదేవిగారి మనస్సు.

కాని ఆ పాటలను మొదట కట్టిన స్త్రీల పేర్లు మనకు మిగులలేదు. నేడు ధ్వనిని పట్టి నిలుపు సాధనము ప్రతివారి చేతిలోను, చరవాణి రూపమున, ఉన్నది. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములలో నాట్లపాటయో, రోకటిపాటయో ఎరిగిన అవ్వ మీ ఇంట ఉన్నచో, ఆమె చేత పాడించి భద్రపరచుడు. ఏ ఊరిలో, ఏ పని చేయుచు, ఎవరి వద్ద నేర్చినదో అడిగి వ్రాసుకొనుడు. ఆ పాట ప్రక్కన ఆమె పేరు కూడ వ్రాయుడు.