నిలబడితే లంగా, నడిస్తే ప్యాంటు!

ఈరోజు ఎపిసోడ్ నా పరువు పోయిన కథతో మొదలుపెడదాం.

జాబ్ మానేశాక నాకొచ్చిన మొదటి ఫ్రీలాన్స్ పని ఒక చిన్న యానిమేషన్. ఒక 3డీ అమ్మాయి లంగావోణీలో నాలుగు అడుగులు వేయాలి, అంతే. మార్వెలస్ డిజైనర్‌లో లంగా కుట్టాను, బ్లెండర్‌లోకి తెచ్చి బొమ్మకి తొడిగాను. నిలబడినంతసేపు సూపర్. మొదటి అడుగు వేయగానే లంగా మధ్యలో లోపలికి పోయి రెండు కాళ్ళకీ చుట్టుకుంది. అది చూసుకోకుండానే పంపేశా. క్లయింట్ అడిగింది ఒకటే: "బ్రో, ఇది లంగానా, పైజామానా?"

రాత్రంతా సాఫ్ట్‌వేర్‌ని తిట్టుకున్నా. కానీ తప్పు దానిది కాదు, నాదే.

చూడండి, డిజిటల్ మనిషి లోపల ఎముకలు ఉంటాయి. ఒంటి మీద ప్రతి బిందువుకీ ఏ ఎముక మాట ఎంత వినాలో ఒక లెక్క ఉంటుంది, 0 నుంచి 1 వరకు. దాన్నే వెయిట్ అంటాం. బట్టకీ అదే కావాలి. అందుకే ఒంటి నుంచి బట్టకి వెయిట్స్ కాపీ చేస్తాం. బ్లెండర్‌లో డేటా ట్రాన్స్‌ఫర్, డాజ్ స్టూడియోలో ట్రాన్స్‌ఫర్ యుటిలిటీ ఈ పనికే ఉన్నాయి. నేను వాడిన పద్ధతిలో బట్ట మీది బిందువు తనకి దగ్గరగా ఉన్న ఒంటి భాగం వెయిట్ తీసుకుంటుంది. టీషర్ట్‌కి ఇది చాలు. లంగాకి మాత్రం ఎడమ సగం ఎడమ కాలిని, కుడి సగం కుడి కాలిని పట్టుకుంది. ఇక ప్యాంటు కాక ఏమవుతుంది?

మరి ఏం చేశాను? నడుము పట్టీని మాత్రం నడుము ఎముకకి కట్టేశా. కింది కుచ్చిళ్ళ వెయిట్స్ తీసేసి, క్లాత్ సిమ్యులేషన్‌కి వదిలేశా. పట్టీ దగ్గర పిన్ చేస్తే లంగా జారిపోదు. గేమ్ కోసమైతే సిమ్యులేషన్ బరువు అనిపించొచ్చు. అప్పుడు లంగాకి విడిగా కొన్ని ఎముకలు పెట్టుకోవచ్చు.

ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి వెళ్ళేటప్పుడు ఇంకో మూడు చూసుకోండి.

ఒకటి, పోజు. మిక్సామోకి బొమ్మ చేతులు చాచి టీ పోజులో ఉంటుంది, డాజ్ జెనెసిస్ 8కి చేతులు కొంచెం కిందికి ఉంటాయి. వెయిట్స్ కాపీ చేసే ముందు బట్ట, ఒళ్ళు ఒకే పోజులో ఉండాలి.

రెండు, కొలత. బ్లెండర్‌లో మామూలుగా ఒక యూనిట్ అంటే మీటరు, అన్‌రియల్‌లో సెంటీమీటరు. అంటే 100 రెట్లు తేడా. తేడా పట్టించుకోకపోతే బొమ్మ చీమైనా అవుతుంది, కొండైనా అవుతుంది.

మూడు, పేర్లు. బ్లెండర్‌లో ఎముక పేరు, బట్ట మీది వెర్టెక్స్ గ్రూప్ పేరు అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి. లేకపోతే బొమ్మ నడిచి వెళ్ళిపోతుంది, చొక్కా గాల్లోనే నిలబడుతుంది!

ఇంకో మాట. ఎఫ్‌బీఎక్స్ ఫైల్ ఎముకల్ని, వెయిట్స్‌ని తీసుకెళ్తుంది కానీ మీ క్లాత్ సిమ్యులేషన్ సెట్టింగ్స్‌ని తీసుకెళ్ళదు. సిమ్యులేషన్‌ని బేక్ చేసి అలెంబిక్‌లో పంపండి. నేను అలాగే పంపాను, డబ్బులొచ్చాయి.

షాపులో ట్రయల్ రూమ్‌కి వెళ్తే మనం ఏం చేస్తాం? చేతులెత్తుతాం, కూర్చుని లేస్తాం. మీ బొమ్మతో కూడా అదే చేయించండి, క్లయింట్‌కి పంపకముందే. బ్లెండర్ ఫ్రీనే కదా, ఈ వీకెండ్ ఒక లంగా ట్రై చేయండి. ప్యాంటు అయితే కంగారు పడకండి, నాదీ అలాగే మొదలైంది.

మళ్ళీ కలుద్దాం, బై!