మహమ్మారి కాలమున దూరవిద్య

ఇంటికడనే చదువుకొనువానికి అంటువ్యాధివలన వచ్చెడి చిక్కేమి యని కొందరడుగుదురు. కళాశాలకు పోవువాని చదువు ఆగవచ్చును. ఇంటనుండి చదువువానికి వీధితలుపు మూసినను తెరచినను ఒకటే కదా యని వారి తలంపు. ఈ తలంపులో సగము నిజమున్నది. మిగిలిన సగమును నేడు శ్రోతలతో కలిసి విచారింపగోరుచున్నాము.

దూరముననుండి చదువుకొనుట మన ఉత్తరాంధ్రకు క్రొత్త కాదు. శ్రీకాకుళము చెంతనున్న పర్వతాలపేటలో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండియే స్వయముగా చదివి, 1886లో ఎఫ్. ఏ., 1896లో బి. ఏ. పరీక్షలలో ఉత్తీర్ణులైరి. అట్టివారికి ఆనాడు పరీక్ష పెట్టువారుండిరి గాని పాఠము పంపువారు లేరు. ఆ కొరత తీర్చుటకు ఆంధ్ర విశ్వవిద్యాలయము 1972లో తపాలా మూలమున బోధించు శాఖను నెలకొల్పెను. 1982లో హైదరాబాదున సార్వత్రిక విశ్వవిద్యాలయము వెలసెను. మన దేశమున ఇట్టివానిలో అదియే మొదటిది. 1991 నుండి అది డాక్టర్ అంబేద్కర్ పేర నడచుచున్నది. దాని తొలి ఉపకులపతి యగు ఆచార్య జి. రామరెడ్డిగారే, 1985లో ఢిల్లీలో స్థాపితమైన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయమునకును, అనగా ఇగ్నోకును, తొలి ఉపకులపతి యైరి.

దూరవిద్య నాలుగు కోళ్ళమీద నిలిచిన మంచము వంటిది. ఇంటికి వచ్చెడి అచ్చుపుస్తకము ఒక కోడు. రేడియోలోను టెలివిజనులోను వచ్చు పాఠము రెండవది. సెలవుదినములలో అధ్యయన కేంద్రమున జరుగు తరగతి మూడవది. పరీక్ష నాలుగవది. 2020 మార్చి 25న దేశమంతట రాకపోకలు స్తంభించినప్పుడు, కేంద్రములు మూతపడినవి, పరీక్షలు నిలిచినవి, పుస్తకముల కట్టలు సమయమునకు చేరలేదు. నాలుగు కోళ్ళలో గట్టిగా నిలిచినది ప్రసార మొక్కటియే.

ఆ దినములు మన ప్రాంతమున ఎట్లుండెనో శ్రోతలు మరచియుండరు. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలనుండి గుజరాతులోని వేరావల్ రేవునకు వేటకు పోయిన మత్స్యకారులు వేలకొలదిగా అచ్చటనే చిక్కుకొని, నెల దినములు దాటినపిదపగాని బస్సులలో ఇల్లు చేరలేకపోయిరి. పొట్టకూటికై ఇంతదూరము పోవు కుటుంబములలో, పనిచేసికొనుచు చదువదలచినవానికి దూరవిద్యయే దారి. అట్టివానికి ఒక ఏడు జారిపోయిన, దానివెంట ఉద్యోగపు అర్హతయు జారిపోవచ్చును. ఆడపిల్లయైనచో చదువు అంతటితో ఆగిపోవచ్చును.

విశ్వవిద్యాలయములు ఊరకుండలేదు. ఇగ్నో సంగతి చూడుడు. అంతకుముందు విద్యార్థి కాగితముమీద వ్రాసి కేంద్రమున అందజేయవలసిన అభ్యాసపత్రములను, ఛాయాచిత్రములుగా తీసి ఈ-మెయిలులో పంపుటకు అనుమతించిరి. పుస్తకము చేరనివారు ఈ-జ్ఞానకోశ్ అను భాండారమునుండి దానిని ఫోనులో దింపుకొని చదువగలిగిరి. అధ్యాపకులు జ్ఞానదర్శన్ టెలివిజనులోను ఇంటర్నెట్టులోను ప్రత్యక్షముగా బోధించిరి.

పరీక్ష మాత్రము అంత సులభముగా ఇల్లు చేరలేదు. పట్టాకు విలువ పరీక్షవలననే గదా! తుది సంవత్సరపు విద్యార్థులకు పరీక్ష లేనిదే పట్టా ఈయరాదని 2020 ఆగస్టు 28న సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. జూనులో జరుగవలసిన ఇగ్నో పరీక్షలు తుది సంవత్సరమువారికి సెప్టెంబరు 17న మొదలైనవి. తక్కినవారు మరికొంతకాలము వేచియుండవలసి వచ్చెను. మరుసటి యేట జూను పరీక్షలు ఆగస్టు 3న గాని ఆరంభము కాలేదు.

ఇచ్చట ఒక ముఖ్యవిషయము గమనింపవలెను. దూరముననున్న విద్యార్థికి పాఠముకంటె ముందు కబురు కావలెను. పరీక్ష యెప్పుడు? గడువు పెంచిరా? ఏ కేంద్రమునకు పోవలెను? తేదీలు మాటిమాటికి మారుచున్న కాలమున ఈ కబురులు వెబ్‌సైటులోను ఫోను సందేశములలోను వెలువడినవి. పట్టణమున నున్నవానికి అవి క్షణములో అందినవి. సీతంపేట, గుమ్మలక్ష్మీపురము, కురుపాము కొండలలో కొన్ని గూడెములకు సిగ్నలే లేదు. అచ్చటివాడు కబురుకొరకు కొండయెక్కి, ఫోనును చేతబట్టి నిలువవలసినదే. వీడియో పాఠము సంగతి చెప్పనేల?

అట్టివానికి అక్కరకు వచ్చునవి పాతవియే: చేతిలోని పుస్తకము, ఇంటిలోని రేడియో. రేడియోవారము గనుక మేమిట్లనుచున్నామని శ్రోతలు తలపకుందురు గాక. రేడియో పాఠమునకును లోపములు కలవు. బొమ్మ చూపలేదు, జారిన మాట తిరిగి రాదు, సందేహము అడుగ వీలులేదు. ఈ కడపటి లోపము తీర్చుటకే ఇగ్నో 1992లో ఆకాశవాణి భోపాల్ కేంద్రమునుండి, విద్యార్థి ఫోనుచేసి ప్రశ్నింప అధ్యాపకుడు అప్పుడే బదులు చెప్పు పద్ధతిని ప్రయోగించి చూచెను. ఇంగ్లండులోని సార్వత్రిక విశ్వవిద్యాలయము సైతము 1971లో బోధన నారంభించినప్పుడు తపాలాకు బి. బి. సి. ప్రసారములను తోడుచేసికొనెను.

కావున మహమ్మారి దినములలో వచ్చిన క్రొత్త సదుపాయములు నిలువవలసినవే. అభ్యాసపత్రము పంపుటకై ఒక దినపు కూలి పోగొట్టుకొని బస్సెక్కుట ఎవరికిని అక్కరలేదు. అయినను ఫోనులో పుస్తకమున్నదిగదా యని అచ్చుపుస్తకమును మానివేయుట తగదు. కబురు మాత్రము ఒక్క దారినే పోరాదు. వెబ్‌సైటులో పెట్టిన తేదీ రేడియోలో వినబడవలెను, గ్రామ సచివాలయపు గోడమీద కనబడవలెను. సిగ్నలు అందునట్టి శ్రోతల ఇరుగుపొరుగున దూరవిద్యార్థి యున్నచో, తేదీ తెలిసిన దినముననే అతనికి చెప్పుడు. ఆ ఒక్కమాటవలన అతనికి ఒక సంవత్సరము మిగులవచ్చును.