గురిభయమునకు రెండవచేయి
(మన సంఘ యువజన క్రీడోత్సవమున చేసిన ప్రసంగము)



రెండు చేతులతోను విల్లు లాగగలుగుటచే అర్జునునకు సవ్యసాచి యను పేరు వచ్చినదని మనమెరుగుదుము. ఆ నేర్పు నేటి విలుకాండ్రలో కొందరికి మందుగా నుపయోగపడుచున్నది.

గురిభయము చేతకానివానికి వచ్చునది కాదు. వేలకొలది బాణములు వేసినవానినే పట్టుకొనును. నడిమి పసుపు వలయము కంటబడగానే, గురి కుదురక మునుపే వ్రేళ్లు నారిని విడిచివేయును. లేదా విల్లు ఆ వలయమునకు క్రిందనే బిగుసుకొని పైకి రాదు. కన్నును కండయు బాగుగనే యుండును, చెడినది అలవాటు. మరింత పట్టుదలతో వేసినకొలది ఆ అలవాటే బలపడును. ఇందుచే విల్లు విడిచిన వారును కలరు.

కొందరు మాత్రము చేయి మార్చుదురు. క్రొత్తచేతికి పాత తొందర తెలియదు. అయితే కుడిచేత నారి లాగువాని విల్లు ఎడమచేతికి పనికిరాదు. వేరొకటి, తేలికయైనది, కావలెను. గురికాగితము లేని గడ్డిమోపుపై, నాలుగడుగుల దూరమునుండి, వారముల తరబడి సాధన చేయవలెను. మార్కులకు తొందరపడినచో భయము ఈ చేతికిని ప్రాకును.

చేయి మారునా యని సంశయింపకుడు. హంగరీ సైనికుడు కారోయ్ టకాచ్ కుడిచేయి 1938లో చేతిబాంబు ప్రేలి చెడినది. ఆయన ఎడమచేత పిస్తోలు కాల్చుట నేర్చి, 1948 లండన్, 1952 హెల్సింకీ ఒలింపిక్ క్రీడలలో స్వర్ణపతకములు గెలిచెను. ఆయనది గాయము, భయము కాదు. కావలసిన ఓర్పు మాత్రము ఒక్కటియే.

తల్లిదండ్రులకు నా మనవి: గురి తప్పిన బిడ్డను పిరికివాడనకుడు. మరల మొదటినుండి నేర్చుకొనుటకు వ్యవధి నొసగుడు.