మన రాత మన చేతుల్నే ఉండాలె
(రెంజల్ కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం వెబ్‌సైటు నడిపే పని మా టీచర్ల మీద పెట్టిండ్రు. మా ఇండ్లల్ల డిగ్రీ దాకా వచ్చిన మొదటి తరం మేం. అక్షరం ఎంత కష్టపడితే చేతికొచ్చిందో మాకెరుక. ఆ అక్షరం తెర మీద ఎట్ల మాయమైతున్నదో, ఎట్ల నిలుపుకోవాలెనో చెప్పుకుందాం.

1985లో కారంచేడు, 1991లో చుండూరు. ఆ నెత్తుటి నుంచి మన కరపత్రాలు, చిన్న పత్రికలు లేచినయి. అప్పుడే డిటిపి వచ్చింది. దాని కిటుకేంది? ఇంగ్లీషు అక్షరం ఉండే జాగల తెలుగు బొమ్మ పెట్టుడు. మన కంటికి 'భూమి' కనబడ్తది, కంప్యూటరు లోపల మాత్రం అది ఇంగ్లీషు గజిబిజి. ఆ ఫాంటు లేని ఫోనుల తెరిస్తే పిచ్చి గీతలే. వెతికితే దొరకదు. అచ్చయిన రాత ఉండి కూడా లేనట్టే.

పాత ఫాంట్ల పేజీలను మార్చి చూపెట్టడానికి ఫైర్‌ఫాక్స్ బ్రౌజరుకు 'పద్మ' అనే జోడింపు ఉండె. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 వచ్చి పాత తీరు జోడింపులనన్నిటినీ ఆపేసింది. పరాయి కర్ర మీద ఎన్ని దినాలు నడుస్తం? యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే సొంత జాగ దొరికింది. 'అ' అంటే 3077. ఏ మిషనుల తెరిచినా అదే లెక్క. మన పాత రాతంతా అందులకు రావాలె.

రెండోది తాళం. 2018 జులై నుంచి క్రోమ్ బ్రౌజరు తాళం లేని సైటు మీద 'సురక్షితం కాదు' అని రాస్తున్నది. అది చూసిన మనిషి దొంగల పేజీ అనుకొని వెనక్కి పోతడు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ తాళం పత్రాన్ని పైసా లేకుండా ఇస్తది. కానీ దానికి గడువు ఉంటది. 2029 మార్చి 15 నుంచి ఎవరిచ్చిన పత్రమైనా 47 దినాలు మించదని నియమం చేసిండ్రు. అందుకే దానంతటదే కొత్తదయ్యేటట్టు అమర్చుకోవాలె.

మూడోది చట్టం. 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. అట్లని అన్నీ రాయొచ్చని కాదు. అత్యాచార బాధితురాలి పేరు, గుర్తులు పెట్టుడు భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. చట్టం మాట అటుంచుండ్రి, ఆ చెల్లె రేపు అదే వాడల బతకాలె.

ఇగ రాత సంగతి. పోరగాండ్లు ఇంగ్లీషు అక్షరాలల్ల తెలుగు కొడుతున్నరు. ఒకే మాటను పదిమంది పది తీర్ల రాస్తే రేపు వెతికెటోడికి ఏం దొరుకుతది? తెలుగు అక్షరాలల్లనే రాయుండ్రి. మన మాటలనే రాయుండ్రి. 'కైకిలి' అని అవ్వ చెప్తే 'వ్యవసాయ కూలి' అని దిద్దకుండ్రి.

మనం చెయ్యాల్సిన పనులివి: వాడవాడకు తిరిగి పాత కరపత్రాలు జమ చెయ్యాలె. యూనికోడ్‌ల కొట్టి, కాగితంతోని ఇద్దరు సరిచూడాలె. కాగితం పారెయ్యొద్దు. సైటు పేరు సంఘం పేరు మీదనే ఉండాలె. తాళంచెవి మాట ఇద్దరికి తెలువాలె, అందుల ఒకరు ఆడమనిషి. పైసలు కట్టే తారీఖు రిజిస్టర్ల ఎక్కాలె. నకలు మూడు జాగల ఉండాలె.

1920లో అంబేడ్కర్ 'మూక్‌నాయక్' పెట్టింది మన గొంతు మన పత్రికల ఉండాలనే. షక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతికి పోయి, 2015లో మూతపడ్డది. చెరుకు కొట్టినోళ్లను, మిషన్లు నడిపినోళ్లను ఎవరడిగిండ్రు? మన చరిత్ర తాళంచెవి పరాయి చేతిల పెట్టొద్దు.

జై భీమ్!