వాటాదారుల తగవులో రైతు స్థానం ఎక్కడ?

(హైదరాబాద్ ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్‌లో రైతులు, న్యాయశాస్త్ర విద్యార్థులు కలిసి కూర్చున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున తార్నాక చౌరస్తాలో బస్సు దిగి నడిచి వస్తుంటే, చెరకు పండించే ఒక పెద్దాయన నన్ను ఆపి అడిగాడు: "ఫ్యాక్టరీ ఎవరిదో తేలకముందే ఇంకెవరి చేతుల్లోనో పెడతారట గదా. మా చెరకు పైసలు ఆయన ఇస్తాడా?" ఇవాళ నేను మాట్లాడబోయేదంతా ఆ ప్రశ్నకు జవాబే.

ముందు రిసీవర్ అంటే ఎవరో చూద్దాం. ఆస్తి మీద ఇద్దరు కొట్లాడుకుంటున్నారు. కేసు తేలేలోపు ఆస్తి పాడవకుండా, ఆదాయం ఒకరి జేబులోకే పోకుండా చూడటానికి కోర్టు మూడో మనిషిని పెడుతుంది. ఆయనే రిసీవర్. సివిల్ ప్రొసీజర్ కోడ్ 40వ ఆర్డర్ ఈ అధికారం ఇచ్చింది. ఆయన యజమాని కాదు, కోర్టు తరఫున కాపలాదారు. హామీ ఇవ్వాలి, లెక్కలు అప్పజెప్పాలి. కావాలని చేసిన తప్పు వల్లగానీ, ఘోరమైన నిర్లక్ష్యం వల్లగానీ నష్టం వస్తే ఆయనే బాధ్యుడు. లెక్క చెప్పకపోతే ఆయన ఆస్తినే జప్తు చేయొచ్చు. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చినట్టు కాకూడదనే ఈ కట్టుబాట్లన్నీ.

ఇది తేలిగ్గా ఇచ్చే ఉత్తర్వు కాదు. అడిగినవాడి కేసులో బలం ఉండాలి, ఆస్తికి ప్రమాదం కనిపించాలి, అడిగినవాడి నడవడిక మచ్చలేనిదై ఉండాలి అని 1955 నాటి మద్రాసు హైకోర్టు తీర్పు ఒకటి చెప్పింది. కోర్టులు ఇప్పటికీ ఆ సూత్రాలనే తిరగేస్తాయి.

మన హైదరాబాద్‌లోనే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. ఖుర్షీద్ జా పాయెగా వారసులు వాటాల కోసం 1955లో కోర్టుకెక్కారు. కేసు హైకోర్టుకు మారి 1958లో 7వ నంబరు దావా అయింది. 1963 జూన్ 28న ప్రాథమిక డిక్రీ వచ్చింది. ఆస్తులు పంచడానికి రిసీవర్-కమ్-కమిషనర్లను పెట్టారు. దావా పడిన 68 ఏళ్లకు, 2023 జూన్ 15న, హైదర్‌నగర్ భూముల విషయంలో సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన మాట చెప్పింది. వారసుల మధ్య పంపకాల డిక్రీ ఆ దావాలో లేని బయటివాళ్ల హక్కును తేల్చదు అన్నది దాని సారాంశం. పట్టా చేతిలో ఉన్న ప్రతి రైతూ గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఇది. ఎవరో వాటాలు పంచుకున్నంత మాత్రాన మన హక్కు పోదు.

భూమి సంగతి అది. కంపెనీ వాటాల దగ్గరికి వస్తే దారి వేరు. వాటాదారుల మధ్య అన్యాయం, దుర్నిర్వహణ ఉందంటే 2013 కంపెనీల చట్టం 241, 242 సెక్షన్ల కింద కంపెనీ లా ట్రిబ్యునల్‌కు పోవాలి. అప్పులు తీర్చలేని కంపెనీ అయితే 2016 దివాలా చట్టం వర్తిస్తుంది. అక్కడ వచ్చే మనిషి పేరు తాత్కాలిక పరిష్కార నిపుణుడు. ఆయన రాగానే డైరెక్టర్ల బోర్డు అధికారం ఆగిపోతుంది.

నిజాం షుగర్స్ కథ మీకు తెలుసు. 1937లో బోధన్‌లో పుట్టిన ఫ్యాక్టరీ. 2002లో బోధన్, ముత్యంపేట, ముంబోజిపల్లి యూనిట్లను ఉమ్మడి సంస్థ చేసి 51 శాతం వాటా ప్రైవేటుకు ఇచ్చారు. ప్రభుత్వానికి 49 శాతం మిగిలింది. ఆ రెండు శాతం తేడాతోనే పెత్తనం చేతులు మారింది. ఆ అమ్మకం సరైనదేనా అని శాసనసభలో, కోర్టుల్లో ఏళ్లపాటు తగవు నడిచింది. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించారు. 2017లో వ్యవహారం ట్రిబ్యునల్‌కు చేరింది, 2019లో లిక్విడేషన్ ఉత్తర్వు వచ్చింది. పునరుద్ధరణ కోసం 2024 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం కమిటీ వేసింది. వాటాల లెక్క తేలేలోపు చెరకు తోటలు వరి మళ్లయ్యాయి.

ఇక పెద్దాయన అడిగిన పైసల సంగతి. 1966 చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం చెరకు తోలిన 14 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. ఆలస్యమైతే ఏడాదికి 15 శాతం వడ్డీ. ఇవ్వకపోతే భూమి శిస్తు బకాయిలాగా కలెక్టర్ వసూలు చేయొచ్చు. కానీ దివాలా కేసు స్వీకరించిన రోజునుంచి మారటోరియం మొదలవుతుంది, ఆ వసూలు ఆగిపోతుంది. లిక్విడేషన్‌కు వస్తే 53వ సెక్షన్ వరుస చూడండి. ముందు దివాలా ప్రక్రియ ఖర్చులు, తర్వాత తాకట్టు ఉన్న బ్యాంకులు, 24 నెలల కార్మికుల బకాయిలు. మిగతా ఉద్యోగుల జీతాలు, తాకట్టులేని అప్పులు, ప్రభుత్వ బకాయిలు దాటాకగానీ చెరకు రైతు వంతు రాదు. రుణదాతల కమిటీలో మనకు ఓటు లేదు. సరుకులు, సేవలు ఇచ్చినవారి బకాయిలన్నీ కలిపి మొత్తం అప్పులో 10 శాతానికి చేరితే ఒక ప్రతినిధి కూర్చోవచ్చు, అంతే.

కాబట్టి చేయాల్సినవి చెబుతాను. కాటా చీటీలు, అగ్రిమెంట్లు, బ్యాంకు పాస్‌బుక్కులు పారేయకండి. పదిహేనో రోజునే వడ్డీతో సహా రాతపూర్వకంగా అడగండి. ఫ్యాక్టరీ ట్రిబ్యునల్‌కు పోకముందే వసూలు కోసం దరఖాస్తు పెట్టండి. పోయిందని పేపర్లో ప్రకటన పడితే, అందులోని గడువులోపు ఫారం బి నింపి క్లెయిమ్ వేయండి. మన రైతులు మోసపోయేది ఎక్కువగా ఇక్కడే. "మా బకాయి అందరికీ తెలిసిందే గదా" అనుకుంటారు. రిజిస్టర్‌లో పేరు లేని బకాయి ఆ నిపుణుడి లెక్కలో ఉండదు. ఒక్కరు తిరగలేరు, ఊరంతా కలిసి వేయండి.

లా విద్యార్థులకు ఒక విన్నపం. చీటీలు చదివి ఫారాలు నింపే పనికి ఊళ్లకు రండి. సంఘం తరఫున మన డిమాండ్ ఒక్కటే: 53వ సెక్షన్‌లో చెరకు బకాయిని కార్మికుల వేతనం పక్కన నిలపాలి. ఏడాది పొడవునా చేసిన కష్టానికి వచ్చే కూలి అది. దాన్ని ఫ్యాక్టరీకిచ్చిన అప్పుగా లెక్కగడితే ఒప్పుకోం.

పెద్దాయనకు నా జవాబు: ఆ వచ్చిన మనిషి తనంతట తాను మీకు పైసలివ్వడు. మీరు లెక్క చూపి, గడువులో అడిగి, పదిమందితో కలిసి నిలబడితేనే మీ పేరు ఆయన పుస్తకంలోకి ఎక్కుతుంది. సెలవు.