మరమనిషియు, గ్రామస్థుల బ్రతుకుతెరువును
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



మరమనిషి యనగానే బాలురకు చలనచిత్రములోని ఇనుపబొమ్మ జ్ఞప్తికి వచ్చును. కూలివానికి తన కూలి జ్ఞప్తికి వచ్చును. ఈ రెండవ తలంపే విచారింపదగినది. మనుష్యుడు నిత్యము చేయు పనిని యంత్రము చేయునప్పుడు, ఆ పనివలన వచ్చెడి రూకలు ఎవరి చేతికి పోవును? ఈ వర్తకములోని మంచిచెడ్డలన్నియు ఆ ప్రశ్నయందే యున్నవి.

రోబో యను మాటను 1920లో చెక్ రచయిత కారెల్ చాపెక్ తన నాటకమున వాడి లోకమునకిచ్చెను. ఆ భాషలో దానికి మూలమైన పదమునకు అర్థము, దొర పొలములో విధిగా చేయవలసిన చాకిరి; తెలుగున వెట్టి. పేరు క్రొత్తదైనను తలంపు ప్రాతది. పదునొకండవ శతాబ్దమున ధారానగరము నేలిన భోజరాజు పేర వెలసిన సమరాంగణ సూత్రధారమను గ్రంథమున యంత్రములకొక అధ్యాయము కలదు. దీపమున నూనె పోయు బొమ్మయు, వాకిట కావలియుండు బొమ్మయు అందు వర్ణింపబడినవి. అయితే వాని నిర్మాణ క్రమమును పూర్తిగా చెప్పలేదు. తెలియక కాదు, గోప్యముగా నుంచుటకే చెప్పలేదని గ్రంథమే పలుకుచున్నది. దాచిన విద్య దాచినవారితోనే పోవును. ఆ దాపరికమునకు విరుగుడే గ్రంథాలయము.

యంత్రము గ్రామమునకు రాక క్రొత్తకాదు. ఒకప్పుడు ధాన్యమును రోట పోసి రోకళ్ళతో దంచి, ఆ కూలిగింజలతో సంసారములు గడపుకొన్న స్త్రీలు ఊరూర నుండిరి. రైసుమిల్లు వచ్చినది. వారి భుజముల నొప్పి తీరినది. దానితోపాటు కూలియు తీరినది. మిల్లు చెడ్డది కాదు. కాని దంచినవారికి మిల్లులో దమ్మిడీ వాటా లేకపోయినది. ఆ పాఠమును మరువరాదు.

ముందుగా ఏ పనిని యంత్రమునకు అప్పగింపవలెను? మనుష్యుని చంపెడి పనిని. మురుగు కాలువల గోతులలో దిగి విషవాయువులకు ప్రాణములు విడిచినవారు ఈ దేశమున ఎందరో కలరు. అట్టి పనికి మనుష్యుని రక్షణ లేక దింపుటను 2013 నాటి చట్టము నిషేధించినది. 2018లో కేరళలోని యువకుల సంస్థ జెన్‌రోబోటిక్స్ చేసిన బాండికూట్ అను మరమనిషి తిరువనంతపురమున ఆ గోతులలో దిగి చెత్త తోడినది. అంతకు ముందటి యేడు హైదరాబాదు జలమండలి మురుగు త్రోయు చిన్న యంత్రములను ప్రవేశపెట్టి, దళిత యువకులే వానికి యజమానులగునట్లు ఏర్పాటు చేసినది. పని మారినది, కూలివాడు యజమాని యయ్యెను. చూడవలసినది ఆ రెండవ మార్పు.

ఇక కంచికచర్ల, నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతములకు వత్తము. ఇచ్చటి ప్రత్తికిని మిరపకును మాటిమాటికి మందు కొట్టవలెను. తైవాను పంపు వీపున కట్టుకొని, ఎండలో ఆ మందు తుంపరలోనే నడచువాని చర్మమును కన్నులును ఏమగునో ఎరుగనివారు లేరు. ఇప్పుడు ఆ పనిని డ్రోను అను ఎగిరెడి యంత్రము చేయుచున్నది. పదిలీటర్ల తొట్టెతో ఎకరము చేనిపై సుమారు పది నిమిషములలో మందు చల్లును. 2021 నాటి డ్రోను నిబంధనల ప్రకారము పదవ తరగతి చదివి, పదునెనిమిది యేండ్లు నిండి, గుర్తింపుగల శాలలో శిక్షణ పొందినవారు దానిని నడుపుటకు అర్హులు. 2023 నవంబరులో కేంద్రప్రభుత్వము 15,000 మహిళా స్వయంసహాయక సంఘములకు డ్రోనులిచ్చు పథకమును 2025-26 వరకు ఆమోదించినది. ధరలో నూటికి 80 వంతులు, 8 లక్షలకు మించకుండ, సహాయముగా నిర్ణయించినది.

వినుటకు ఇంపుగానున్నది. అయినను కవిలెకట్ట విప్పి చూడవలెను. యంత్రము ఖరీదు 10 లక్షలనియు, సహాయము పోగా అప్పు 2 లక్షలనియు అనుకొందము. ఎకరమునకు 400 రూపాయల చొప్పున దినమునకు 20 ఎకరములు, ఏటికి 80 దినములు పని దొరకినచో రాబడి 6,40,000. నడుపువారి కూలి 1,20,000, బండి, ఇంధనము 80,000, అప్పు వాయిదా 80,000, బ్యాటరీలు, మరమ్మతు, బీమా 1,50,000. వెరసి ఖర్చు 4,30,000. మిగులు 2,10,000. సంఘమున పదిమంది యున్నచో తలకు 21,000.

ఇచ్చటనే అమాయకులు మోసపోవుదురు. యంత్రము అయిదేండ్లు నడచునని యనుకొన్నచో, మరల కొనుటకు ఏటికి 2,00,000 తీసియుంచవలెను. ప్రభుత్వ సహాయము రెండవమారు రాదు. అట్లు తీసియుంచగా మిగులునది 10,000 మాత్రమే! తీసియుంచనివారు లాభము తినుట లేదు, యంత్రమునే తినుచున్నారు. పని దినములు 80కి బదులు 40 అయినచో రాబడి 3,20,000, ఖర్చు 3,30,000, అసలే నష్టము. కావున నాలుగైదు గ్రామముల రైతులతో ముందే ఒడంబడిక చేసికొని, పనిదినములను పెంచుకొన్నపిదపనే యంత్రమును కొనవలెను. గాలి హెచ్చిన వేళ ఎగురవేసి ప్రక్కచేనిపై మందు పడనిచ్చినచో రైతుల నమ్మకము పోవును. నమ్మకముతో బేరమును పోవును.

మరియొక మాట. ఆ సంఘమున ఎవరుండవలెను? ఇన్నాళ్ళు పంపు మోసినవారి కుటుంబములకు మొదటి వాటా ఉండవలెను. పెట్టుబడి గలవాడొక్కడే కొని అద్దెకు త్రిప్పినచో రైసుమిల్లు కథయే మరల జరుగును. ప్రత్తితీత, మిరపకాయకోత నేటికిని ఎక్కువగా చేతిపనులే. వానికిని యంత్రములు వచ్చు దినము రాకపోదు. ఆ దినమునకు పూర్వమే కలసి కొనుట, కలసి నడుపుట, లెక్క వ్రాసికొనుట అలవడియుండవలెను.

ఇందుకు గ్రంథాలయము చేయగల సాయము చిన్నది కాదు. పదవ తరగతి పూర్తిచేయని కూలి స్త్రీలకు సాయంకాలపు పాఠములు పెట్టవచ్చును. యంత్రమును నడుపు విధానములను తెలుగున చదివి వినిపింపవచ్చును. సంఘపు జమాఖర్చులను నెలకొకమారు ఈ అరుగుమీదనే అందరియెదుట చదివింపవచ్చును. భోజుని గ్రంథము దాచిన దానిని ఊరి గ్రంథాలయము విప్పి చెప్పుగాక.

యంత్రము వెట్టి చేయుగాక. దాని ఫలము నిన్నటివరకు వెట్టి చేసినవారికి దక్కుగాక. స్వస్తి.