వేరుశనగలో అఫ్లటాక్సిన్ పరీక్ష - రైతులు గ్రహింపవలసిన సంగతులు



ఒకే కుప్పలోని వేరుశనగ గింజలను రెండు సంచులలో పోసి రెండు పరీక్షశాలలకు పంపినారనుకొనుడు. ఒక నివేదికలో అఫ్లటాక్సిన్ కిలోకు 3 మైక్రోగ్రాములనియు, రెండవ దానిలో 60 అనియు రావచ్చును. అప్పుడు మన అనుమానము పరీక్షశాల మీదికే పోవును. యంత్రము చెడినదని కొందరును, వర్తకుడు ఏదో ముట్టజెప్పినాడని కొందరును అందురు. అట్టి అనుమానము ఎల్లప్పుడును తప్పని నేను చెప్పను. కాని ఆ రెండు అంకెలును నిజమే అయియుండవచ్చును. అది యెట్లో వివరించుటయే ఈ ప్రసంగములోని విషయము.

1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు కొద్ది నెలలలో చనిపోయినవి. రోగమేమో తెలియక దానికి ‘టర్కీ ఎక్స్ వ్యాధి’ అని పేరు పెట్టిరి. తుదకు దోషమంతయు మేతలో కలిపిన వేరుశనగ చెక్కలో ఉన్నదని తేలినది. బ్రెజిల్ నుండి దిగుమతియైన ఆ చెక్కకు ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అను బూజు పట్టి, విషమును విడిచినది. ఆ బూజు పేరులోని అక్షరములతోనే ఈ విషమునకు అఫ్లటాక్సిన్ అని పేరు వచ్చినది. కోళ్ళకే గదా అనుకొనరాదు. 1974లో గుజరాతు, రాజస్థానములలోని కొన్ని గ్రామములలో అకాల వర్షములకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిని, కాలేయము చెడి వందమందికి పైగా మరణించిరి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు పరిశోధించి ఈ విషమే అందులకు కారణమని తెల్పిరి. కొద్దికొద్దిగా చాలకాలము లోనికి పోయినచో కాలేయమునకు క్యాన్సరు కలుగును.

గింజను చూచి ఈ విషమును పోల్చుట సాధ్యము కాదు. బూజు పైకి కనబడకున్నను లోపల విషముండవచ్చును. మరి దీనిని పట్టుట యెట్లు?

దీనికి క్రొమటోగ్రఫీ అను పద్ధతి ఆధారము. మిఖాయిల్ ట్స్వెట్ అను రష్యా వృక్షశాస్త్రజ్ఞుడు 1903లో వార్సాలో దీనిని గూర్చి ప్రసంగించెను. ఆయన గాజు గొట్టములో సుద్దపొడి దట్టించి, ఆకులలోని రంగును పెట్రోలియం ఈథరులో కరగించి పై నుండి పోసెను. ఆకుపచ్చ, పసుపు రంగులు విడివిడి పట్టీలుగా దిగినవి. క్రొమటోగ్రఫీ అనగా రంగుల వ్రాత అని అర్థము. ట్స్వెట్ అను మాటకు రష్యను భాషలో రంగు అనియే అర్థమగుట ఒక వింత. ఇందులోని కీలకము మీకు తెలియనిది కాదు. జాతర నుండి ఒకేసారి బయలుదేరిన జనములో ప్రతి దుకాణము వద్ద ఆగువాడు వెనుకబడును. ఎక్కడను ఆగనివాడు ముందుగా ఊరు చేరును. అట్లే గొట్టములోని పొడికి ఎక్కువగా అంటుకొను పదార్థము ఆలస్యముగను, తక్కువగా అంటుకొనునది త్వరగను బయటికి వచ్చును.

టర్కీ కోళ్ళ తరువాతి దినములలో గాజు పలకపై సిలికా పూత పూసి, దానిపై వేరుశనగ సారమును పాకించి, అతినీల లోహిత కాంతిలో చూచెడివారు. కొన్ని చుక్కలు నీలముగను, కొన్ని ఆకుపచ్చగను మెరిసినవి. ఇంగ్లీషులో ఆ రంగుల పేర్ల మొదటి అక్షరములను బట్టియే బి, జి అను రకములేర్పడినవి. బి1 అన్నిటికంటె చెడ్డది.

ఇప్పుడు గాజు పలకకు బదులు జానెడు ఉక్కు గొట్టము వచ్చినది. అందులో మిక్కిలి మెత్తని పొడి నింపి, అధిక పీడనముతో ద్రవమును తోయుదురు. గొట్టము చివర ద్రవ్యరాశి స్పెక్ట్రోమీటరు ఉండును. ఇది అణువులను తూచు త్రాసు అనుకొనవచ్చును. బి1 అణుభారము 312. విద్యుదావేశము కలిగించుటకు ఒక ప్రోటానును చేర్చినపుడు 313 అగును. దానిని వాయువుతో ఢీకొట్టించి పగులగొట్టగా 285, 241 భారములుగల ముక్కలు వచ్చును. ఎద్దు తప్పిపోయినపుడు రంగొక్కటి చెప్పిన చాలదు గదా. కొమ్ములు, సుడి, ముద్ర కూడ చెప్పుదుము. ఇచ్చటను అంతే. గొట్టము నుండి వెలువడిన సమయము, మొదటి భారము, రెండు ముక్కలు, వాటి పరస్పర నిష్పత్తి అన్నియు సరిపోయిననే అది బి1 అని వ్రాయుదురు. ఇట్టి యంత్రము పొరపడుట అరుదు.

కిలోకు ఒక మైక్రోగ్రామనగా ఎంత? 10 టన్నుల లారీ సరకులో 10 మిల్లీగ్రాములు. సుమారు బియ్యపు గింజలో సగమెత్తు. మన దేశపు ప్రమాణము ప్రకారము శుద్ధిచేసి వాడు వేరుశనగలో కిలోకు 15 మైక్రోగ్రాములు మించరాదు. నేరుగా తినుటకు అమ్ము గింజలకు యూరోపు దేశములవారు నాలుగింటినే అనుమతింతురు.

ఇక అసలు చిక్కునకు వత్తము. ఈ విషము కుప్పయంతటను సమముగా ఉండదు. వేలకొలది గింజలు శుభ్రముగా ఉండి, ఎక్కడనో ఒక గింజలో కుప్పపడి ఉండును. మిక్కిలి చెడిన ఒక్క గింజలో దాని బరువులో వెయ్యవ వంతు వరకు విషమున్నట్లు లెక్కలు గలవు. అరగ్రాము గింజ అయినచో 500 మైక్రోగ్రాములన్నమాట. అది 20 కిలోల మంచి పప్పులో కలిసినచో కిలోకు 25 అగును. ఆ సరకు పనికిరాదు. ఇరవై కిలోలనగా సుమారు 40,000 గింజలు. ఆ కుప్ప నుండి మీరు గుప్పెడు తీసి పంపితిరా, చెడుగింజ అందులో పడకపోవుటయే సహజము. నివేదిక సున్న వచ్చును. ఖర్మము చాలక పడెనా, వేలలో వచ్చును. రెండింటిలోను యంత్రము నిజమే చెప్పినది. అందుచేతనే యూరోపు నిబంధనలలో పెద్ద సరకునకు 100 చోట్ల నుండి తీసి, మొత్తము 20 కిలోల నమూనా చేయవలెనని యున్నది. అంత సరకు పిండి చేయించుట మనకు బరువే. కాని గుప్పెడుతో సరిపుచ్చుకొని పరీక్షశాలను నిందించుట కంటె అది మేలు.

గోతాలు నింపునపుడే ప్రతి గోతమునకు పై, నడుమ, అడుగుల నుండి తలా ఒక గుప్పెడు తీయుచుండుడు. గోతాలు కుట్టి పేర్చిన తరువాత పైవరుసలో మాత్రము తీసిన నమూనా నమూనా కాదు. చూపునకు మంచివి ఏరి పంపుట మనలను మనము మోసగించుకొనుటయే. పరీక్షశాల వారిని ఒక్క ప్రశ్న అడుగుడు: వచ్చినదంతయు మెత్తగా నూరి కలిపిన పిమ్మట కొంత తీయుదురా, లేక కొంత తీసి నూరుదురా? రెండవ మాట చెప్పినచో వేరొక చోటు చూచుకొనుడు.

విషము చేను నుండియే మొదలగును. కాయ ఊరు దశ చివరి నాలుగు వారములలో బెట్ట తగిలినచో బూజు లోపల ప్రవేశించును. వీలున్నచో ఆ దినములలో ఒక తడి ఇచ్చుడు. గునపము తగిలి పగిలిన కాయలను, చేనిలో ఏరిన పరిగె కాయలను మంచివాటితో కలుపరాదు. గింజలో తేమ 8 శాతము మించకుండ ఎండబెట్టవలెను. కాయలొలుచుటకు ముందు నీళ్లు చల్లు అలవాటు మాత్రము విడువవలెను. పప్పు విరుగదనియు, తూకము పెరుగుననియు చల్లుదురు. బూజునకు కావలసినది ఆ తడియే.

ఏరి తీసిన ముడుత గింజలు, రంగు మారినవి, బూజువి ఏమగుచున్నవి? నన్ను కలవరపెట్టు సంగతి ఇది. మంచి పప్పు ఎగుమతికి పోవును. ఏరివేసినది గానుగకో, ఊరి పచ్చడిలోనికో, పశువుల తొట్టిలోనికో చేరును. నూనె తీసినపుడు విషములో ఎక్కువ భాగము చెక్కలోనే నిలుచును. ఆ చెక్క తిన్న ఆవు పాలలోనికి విషము ఎం1 అను రూపమున దిగును. ఆ పాలు మన బిడ్డలు త్రాగుదురు. పాలకు మన దేశపు హద్దు కిలోకు 0.5 మైక్రోగ్రాము, గింజల హద్దులో ముప్పదవ వంతు. కనుక ఏరివేసిన గింజలను ఇంట ఎవ్వరును తినరాదు, పశువులకును పెట్టరాదు, కాల్చివేయుడు.

పరీక్షకు పంపు నమూనాను బాగుగ ఎండిన తరువాతనే గుడ్డసంచిలో పంపుడు. తడిగింజలను ప్లాస్టిక్కు సంచిలో కట్టినచో త్రోవలోనే బూజు పెరిగి, మీ కుప్పలో లేని విషము మీ నివేదికలో కనబడును.